ఖానా

ధర్మాబాద్ మిర్చి యార్డుల
ఇరవై రెండేండ్లు బహీ రాసిన.
తుమ్మితే ఆగాలంటరు ఊళ్ల పెద్దలు.
మేం ఆగితే బజారే ఆగిపోతది.

శివరాత్రి పోయిన నాలుగో రోజు.
గోదారి అవతల బాసర నుంచి నా డబ్బా
నిజామాబాద్ ప్యాసింజర్ల వస్తది.
ఆ రోజు బండి లేటు.
అప్పుడే పట్టుకొచ్చిన్రు లసుంబాయిని,
తొడిమలు తీసే ఆడోళ్ల వరుసల చివరి మనిషిని.
కొంగు ముడి ఇప్పిపిచ్చిన్రు.
పావుకిలో కూడా కాదు, దోసెడు.
సేటు ఊళ్లె లేడు.
"నువ్వే చెప్పు మునీమ్‌జీ."

నా కడుపుల ఎలుకలు తాళ్లు కొరుకుతున్నయి.
ఆమె దగ్గర చెమట, ఘాటు,
వాటి కింద ఏదో పచ్చిపాల వాసన.
ముక్కు ముడుచుకున్న.
"దోసెడైతేంది, బస్తా అయితేంది,
దొంగతనం దొంగతనమే.
రేపటి నుంచి రావద్దు."
నా గొంతు నాకే కచేరీ గొంతు లెక్క వినబడ్డది.
అంత గట్టిగ పలికింది గదా,
న్యాయమే అనుకున్న.

అది ఆకలి.

రెండింటికి బండొచ్చింది.
జొన్నరొట్టె, పిఠ్లం, గుద్ది పలగ్గొట్టిన ఉల్లిగడ్డ,
గోదాం నీడల చెంబెడు మజ్జిగ.
మూడింటికి తరాజు కింద అయస్కాంతం దొరికింది.
సేటు బావమరిది తరాజు.
బస్తాకు కిలోన్నర, ఎన్నేండ్ల నుంచో.
బిలోలి దిక్కు రైతు ఒకాయన కనిపెట్టిండు,
చేతుల అయస్కాంతం పట్టుకొని ఒణుకుతున్నడు.
నాకు తేన్పు వచ్చింది.
"పోనీ తీ కాకా,
మనుషులన్నంక పొరపాట్లుండయా."
ఎంత మెత్తగ అన్ననో!
దయ గుణం వచ్చింది నాకు, వయసొచ్చినంక, అనుకున్న.

అది మజ్జిగ.

పొద్దుగూకే యాళ్లకు బస్తా ఒకటి పగిలింది.
హమాలీలు పోయిన్రు, నేనే ఎత్తిన.
ఇన్నేండ్లు మిర్చిని లెక్కపెట్టిన గని
పిడికిట్ల పట్టింది అదే మొదలు.
రాత్రి అరచేతులు అంటుకున్నయి.
చల్లనీళ్లు, కొబ్బరినూనె, మళ్ల మజ్జిగ,
దేనికీ ఆగదు.
మనుమరాలు ఏడుస్తుంటే ఎత్తుకోబోయి
చేతులు వెనక్కి తీసుకున్న.
అగో, అప్పుడు యాదికొచ్చింది పచ్చిపాల వాసన.
గా చేతులతోటి ఆమె బిడ్డను ఎట్ల ఎత్తుకుంటది?
ఏ బట్ట చుట్టుకొని, ఏ మోచేతుల మీద?
పొద్దున బుర్రకు తట్టంది
నడిరాత్రి తోలుకు తట్టింది.

ఇది పశ్చాత్తాపమా, ఉత్త మంటనా?
తెల్లారేసరికి మంట తగ్గింది.
అబద్ధమెందుకు,
కొంచెం ఇదీ తగ్గింది.
అందుకే స్నానం కూడ చెయ్యక
మొదటి బండికే ఉరికిన,
ఇంకా కొంత మిగిలుండంగనే.

వరుసల ఆమె జాగల ఇంకెవరో కూసున్నరు.
ఉమ్రి దిక్కు పోయిందన్నరు.
ఒకరోజు కూలి బహీల అట్లనే ఉన్నది.

ఎర్రబట్ట అట్ట తెరిచిన.
తారీఖు, పేరు, సంగతి, తీర్పు.
పక్కన స్కేలు పెట్టి ఇంకో గీత గీసిన,
మీద రాసిన: ఖానా.
హమాలీ షాదుల్లా తొంగి చూసిండు.
"ఏం ఖానా ఇది మునీమ్‌జీ, గడినా, తిండినా?"
రెండూ అన్న.

లసుంబాయి. దోసెడు మిర్చి. పని బంద్. ఖానా: లేదు.
తరాజు. అయస్కాంతం. మాఫీ. ఖానా: మూడు రొట్టెలు, పిఠ్లం, మజ్జిగ.

మాఫీ మీద గీత కొట్టిన.
కొట్టిన చెయ్యి ఇంకా సుర్రుమంటనే ఉన్నది,
దాన్ని కూడ రాయాలె, జాగ చాలలే.

సేటు ఎల్లుండి వస్తడు.
చూసి నవ్వుతడో, నన్నే తీసేస్తడో.
తిని వస్తడో,
తినక వస్తడో.